ఒక ఇంటికి ముగ్గురు కాపలాదార్లు

"అక్కా, కంప్యూటరు సంతకం తీసుకోవట్లేదు. ఏం చెయ్యమంటావ్?"

నెల ఇరవయ్యో తారీఖు, రాత్రి తొమ్మిదిన్నరకి గుంటూరు నుంచి మా పిన్ని కూతురి ఫోను. ఇరవయ్యో తారీఖు అంటే ఏమిటో లెక్కలు రాసేవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ రాత్రి పన్నెండు దాటేలోపు జీఎస్టీ త్రీబీ రిటర్ను వెళ్లిపోవాలి. దాటితే రోజుకి 50 రూపాయల లేటు ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ. మా చెల్లెలు ఇంట్లో కూర్చునే ఏడెనిమిది దుకాణాలకి లెక్కలు చూస్తుంది. అందులో ఒకటి ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ. కంపెనీ అంటే ఫోనుకొచ్చే ఓటీపీ సరిపోదు, పెన్‌డ్రైవ్‌లాంటి టోకెన్ గుచ్చి డిజిటల్ సంతకం పెట్టాలి. ఆ సంతకమే పడట్లేదు. 'ఫెయిల్డ్ టు ఎస్టాబ్లిష్ కనెక్షన్' అని తెర మీద ఒకటే మాట.

ఆలస్యమైతే ఫీజు కట్టేది కంపెనీయే. కానీ మాట పోయేది మా చెల్లెలికి. "ఇంట్లో కూర్చుని చేసే ఆడవాళ్లకి ఇస్తే ఇంతే" అనడానికి ఎవరో ఒకరు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటారు కదా!

కంప్యూటరు అమ్మిన షాపులోని కుర్రాడికి ఫోన్ చేసింది. "అన్నీ ఆఫ్ చేసెయ్యండి మేడమ్" అన్నాడు. ఏవి అన్నీ? యాంటీవైరస్‌లు, ఫైర్‌వాల్... కనబడిందల్లా. ఆపేసింది. పదకొండూ నలభైకి రిటర్ను వెళ్లింది. పొద్దున పిల్లల టిఫిన్లు, మళ్లీ దుకాణాల బిల్లులు... ఆపినవాటిని తిరిగి పెట్టాలన్న సంగతి మర్చిపోయింది. తొమ్మిది రోజులు. దుకాణాల అమ్మకాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాన్ కాపీలు, అన్నీ ఉన్న కంప్యూటరు తొమ్మిది రోజులు తలుపులు బార్లా తీసుకుని కూర్చుంది.

పదో రోజున తెర నిండా నీలంగా మారి, సైరన్‌లా మోత మోగుతూ, "మీ కంప్యూటరుకి వైరస్ సోకింది, వెంటనే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి" అని వచ్చింది. అదృష్టం బాగుండి ఆ నంబరుకి కాక నాకు చేసింది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఆ ఆదివారం గుంటూరు వెళ్లాను. నేనేం కంప్యూటరు ఇంజనీరుని కాదు. ఆఫీసులో ఇరవయ్యేళ్లు దాని ముందు కూర్చున్నందుకు వచ్చిన తెలివి, అంతే. 'విండోస్ సెక్యూరిటీ' తెరిచి, కింద సెట్టింగ్స్‌లోకి వెళ్లి, 'మేనేజ్ ప్రొవైడర్స్' నొక్కితే మన కంప్యూటరుకి ఎవరెవరు కాపలా ఉన్నారో జాబితా వస్తుంది. ఈ పేరు చాలామందికి తెలియదు, ఒక్కసారి మీ ఇంట్లోనూ తెరిచి చూడండి. మా చెల్లెలి జాబితాలో ముగ్గురున్నారు. ఒకటి లాప్‌టాప్‌తో పాటు ఉచితంగా వచ్చిన ట్రయల్, ఎప్పుడో గడువు తీరిపోయింది. రెండోది మా మరిది క్రెడిట్ కార్డు ఆఫర్‌లో కొన్నది. మూడోది విండోస్‌లో పుట్టినప్పటి నుంచీ ఉన్న డిఫెండర్, మిగతా ఇద్దర్నీ చూసి పక్కకి తప్పుకుని నిద్రపోతోంది. ఇవి చాలవన్నట్టు పిల్లాడు ఆటల కోసం పెట్టుకున్న వీపీఎన్ ఒకటి.

"రెండుంటే డబుల్ సేఫ్టీ కదక్కా?" అంది.

అందరం అనుకునేదే. తలుపుకి రెండు తాళాలు వేస్తే మంచిదే కదా! కానీ యాంటీవైరస్ తాళం కాదు, గేటు దగ్గర నిలబడ్డ మనిషి. కంప్యూటరులో ఏ ఫైలు తెరిచినా అది లోపలికి పోకముందే ఆపి, చూసి, వదులుతుంది. ఇద్దరు మనుషుల్ని ఒకే గేటు దగ్గర నిలబెడితే ఏమవుతుంది? మొదటివాడు తనిఖీకి ఫైలు తెరుస్తాడు. "ఎవడో ఫైలు తెరుస్తున్నాడు" అని రెండోవాడు దాన్నే మళ్లీ ఆపుతాడు. వీడు వాణ్ణి, వాడు వీణ్ణి చూసుకుంటూ ఉంటే మనం తెరిచిన టాలీ ఫైలు పావుగంట తిరుగుతూనే ఉంటుంది. అంతటితో అయిపోదు. వైరస్‌ని గుర్తుపట్టడానికి ప్రతి యాంటీవైరస్ దగ్గరా వైరస్‌ల ఆనవాళ్లు ఉంటాయి. ఆ ఆనవాళ్లని చూసి రెండోది దాన్నే దొంగనుకున్న సందర్భాలున్నాయి. "రెండు కత్తులు ఒక ఒరలో ఇమిడినా రెండు కొప్పులు ఒక ఇంట ఇమడవు" అని ఆడవాళ్ల మీద సామెత కట్టారు గానీ, ఆ కట్టినవాళ్లు రెండు యాంటీవైరస్‌లని చూసి ఉండరు!

బయటి యాంటీవైరస్ ఒకటి వచ్చిందంటే డిఫెండర్ దానంతట అది తప్పుకునే ఏర్పాటు విండోస్‌లో ఉంది. కానీ బయటివాళ్లే ఇద్దరొస్తే తీర్పు చెప్పే పెద్దమనిషి ఎవరూ లేరు. షాపు కుర్రాడి సలహాలో తప్పు కూడా ఇక్కడే ఉంది. బయటి యాంటీవైరస్‌ని తీసెయ్యకుండా ఊరికే ఆపితే, డిఫెండర్ లేచి కాపలా కాస్తుందన్న నమ్మకం లేదు. ముగ్గురు కాపలాదార్లున్న ఇంట్లో ఆ తొమ్మిది రోజులూ మేలుకున్నవాడు ఒక్కడూ లేడు.

ఇక సంతకం ఎందుకు పడలేదు? జీఎస్టీ సైటు సంతకాన్ని నేరుగా తీసుకోదు. మన కంప్యూటరులోనే 'ఎంసైనర్' అని ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది. బ్రౌజరు దానితో 1585 అనే నంబరున్న లోపలి ద్వారం గుండా మాట్లాడుతుంది. ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పిలిచినట్టన్నమాట. విండోస్ సొంత ఫైర్‌వాల్ మామూలుగా దీని జోలికి రాదు. కొన్న యాంటీవైరస్‌లో వచ్చిన ఫైర్‌వాల్‌కి మాత్రం ఇంట్లోవాళ్లెవరో, బయటివాళ్లెవరో తెలియలేదు. ఎంసైనర్‌ని అనుమానించి నోరు నొక్కేసింది. ఆ ఫైర్‌వాల్ చిట్టా తెరిస్తే ఆ రాత్రి తొమ్మిది గంటల నుంచీ 'బ్లాక్డ్' అని వరసగా రాసి ఉంది. అన్నీ ఆపే బదులు ఆ చిట్టా చూసి ఆ ఒక్క ప్రోగ్రాంకి అనుమతిస్తే రెండు నిమిషాల్లో తేలే పని.

ఇంతకీ ఇంతమంది కాపలాదార్లు మన ఇళ్లలోకి ఎలా వచ్చారు?

ఒకప్పుడు అవసరమే. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే పురుగు వచ్చింది. ఎవరూ ఏమీ నొక్కకపోయినా, నెట్‌కి కలిపి ఉంటే చాలు, కంప్యూటరులోకి దూరేది. విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉన్నా అప్పటికి ఆపేసే ఇచ్చేవాళ్లు. ఏడాది తర్వాత 2004లో సర్వీస్ ప్యాక్ 2తో గానీ దాన్ని మొదటి నుంచీ పని చేసేలా ఇవ్వలేదు. పూర్తిస్థాయి యాంటీవైరస్ విండోస్‌లో భాగంగా వచ్చింది 2012లో, విండోస్ 8తో. అందాకా బయట కొనుక్కోక తప్పలేదు. ఆ రోజుల్లో "కంప్యూటరు కొన్నావా? ముందు యాంటీవైరస్ వేయించు" అన్న సలహా మంచి సలహా. కాలం మారింది, సలహా మారలేదు. స్వతంత్రంగా పరీక్షలు చేసే జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారెటివ్స్ వంటి సంస్థల పరీక్షల్లో కొన్నేళ్లుగా డిఫెండర్ డబ్బు పెట్టి కొనేవాటి సరసన నిలబడుతూనే ఉంది. అయినా షాపులో లాప్‌టాప్ మీద యాంటీవైరస్, బ్యాంకు కార్డు మీద యాంటీవైరస్ అంటగడుతూనే ఉన్నారు. భయం అమ్ముడుపోయినంత తేలిగ్గా బంగారం కూడా అమ్ముడుపోదు. పిల్లల పేరు చెప్పి, బ్యాంకు ఖాతా పేరు చెప్పి అమ్మితే ఏ తల్లి వద్దంటుంది?

కాపలాదారు అని పిలిచినవాణ్ణి పూర్తిగా నమ్మొచ్చా అంటే, ఈమధ్య మూడు సంగతులు జరిగాయి. ఉచిత యాంటీవైరస్‌గా పేరున్న అవాస్ట్ తన వాడకందార్లు ఏయే సైట్లు చూస్తున్నారో సేకరించి అనుబంధ సంస్థ ద్వారా అమ్ముకుందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో తేల్చి, కోటీ అరవై అయిదు లక్షల డాలర్లు కట్టించింది. అదే ఏడాది అమెరికా ప్రభుత్వం రష్యా కంపెనీ కాస్పర్‌స్కీని నిషేధించింది. సెప్టెంబరులో అక్కడి వాడకందార్లు చాలామంది పొద్దున్నే లేచి చూసేసరికి కాస్పర్‌స్కీ పోయి, 'అల్ట్రా ఏవీ' అనే కొత్త పేరు కూర్చుని ఉంది. కంపెనీ ముందుగా మెయిలు పంపానంది గానీ, మా ఇంటి వాచ్‌మన్‌ని నన్నడక్కుండా మారుస్తారా అని జనం గగ్గోలు పెట్టారు.

మూడోది మన హైదరాబాదు దాకా వచ్చింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరతో కూలబడ్డాయని మైక్రోసాఫ్ట్ లెక్క కట్టింది. శంషాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసు ఫొటో ఆ రోజు దేశమంతా తిరిగింది. వైరస్ కాదు, దొంగ కాదు, కాపలాదారే! ఈ భద్రతా ప్రోగ్రాములకి కంప్యూటరు గుండెకాయలోకి, 'కెర్నెల్' అంటారు దాన్ని, తాళం చెవి ఉంటుంది. అక్కడ వాడు కాలు జారితే ఇల్లంతా కూలుతుంది. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ ఈ ప్రోగ్రాముల్ని ఆ లోపలి గదిలోంచి బయటికి తెచ్చే ఏర్పాటు మొదలుపెట్టింది, 2025 జూన్‌లో దాని ప్రయోగ రూపాన్ని భద్రతా కంపెనీలకి ఇస్తామని ప్రకటించింది. క్రౌడ్‌స్ట్రైక్ పెద్ద సంస్థలు వాడేది, మన ఇళ్లలో ఉండదు. కానీ సూత్రం ఒకటే. లోపలి గది తాళం చెవులు ఎంతమంది చేతిలో ఉంటే అంత ప్రమాదం.

తాళం చెవి అంటే ఇంకోటి గుర్తొచ్చింది. అసలు ఆ ఆదివారం ఎక్కువ సేపు పట్టింది దాని దగ్గరే.

పాతది తీసేద్దామని 'అన్‌ఇన్‌స్టాల్' నొక్కగానే అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది. మా చెల్లెలికి తెలియదు. కంప్యూటరు కొన్న రోజున మా మరిది తన పేరుతో అడ్మినిస్ట్రేటర్ ఖాతా పెట్టి, ఈమెకి మామూలు ఖాతా ఇచ్చాడు. ఆయన ఉద్యోగం వేరే ఊళ్లో, డ్యూటీలో ఫోనెత్తడు. నాలుగు గంటలు కూర్చున్నాం. మంచివాడే, ఎత్తగానే నవ్వి చెప్పేశాడు, "నాకు తోచలేదు వదినా" అన్నాడు. నిజంగానే తోచి ఉండదు. కానీ ఆలోచించండి. ఆ కంప్యూటరు మీద రోజుకి ఆరు గంటలు పని చేసి డబ్బు తెచ్చేది ఆమె. నెలకోసారి టికెట్టు బుక్ చేసుకునేది ఆయన. ఇంటికి వచ్చే ప్రతి కొత్త కాపలాదారునీ పెట్టింది షాపువాడు, భర్త, కొడుకు. ఒక్కరూ ఆమెనడగలేదు. పెట్టినవాళ్లెవరూ తీసెయ్యరు కూడా. తేడా వచ్చినప్పుడు, "ఏం నొక్కావ్?" అన్న ప్రశ్న మాత్రం ఆమెకే. మన ఇళ్లలో ఎన్ని కంప్యూటర్ల కథ ఇది కాదు?

భద్రత నిపుణులు రోజువారీ పనికి మామూలు ఖాతా వాడుకోమనే చెబుతారు. అది మంచిదే. కానీ పని చేసే మనిషి దగ్గర అడ్మిన్ ఖాతా పాస్‌వర్డ్ విడిగా ఉండాలి. అది లేక, తొమ్మిది రోజుల కిందటి రాత్రి ఆమె తీసెయ్యగలిగింది ఏమీ లేదు, ఆపగలిగిందల్లా ఆపింది.

పాస్‌వర్డ్ దొరికాక పని గంటన్నర. ముందు టాలీ డేటా అంతా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం. వైఫై పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాం, ఎందుకో తర్వాత తెలిసింది. తీసెయ్యబోయే యాంటీవైరస్‌లో 'క్వారంటైన్' తెరిచి చూశాం, అంటే అనుమానంతో పట్టి బంధించిన ఫైళ్ల గది. ఒక దుకాణం వాళ్ల ఎక్సెల్ ఫైలు కనబడింది. ఏప్రిల్‌లో "ఎవరో డిలీట్ చేశారు" అని పిల్లాణ్ణి తిట్టిన ఫైలు! దాన్ని అలాగే విడిపించలేదు, నిజంగానే అందులో ఏదైనా ఉండొచ్చు కదా. దుకాణంవాళ్లనడిగి కొత్త కాపీ తెప్పించుకుంది. పిల్లాడికి క్షమాపణగా ఐస్‌క్రీమ్.

తీసేటప్పుడు ఒకదాని తర్వాత ఒకటి తీయాలి, మధ్యలో కంప్యూటరు రీస్టార్ట్ చెయ్యాలి. రెండూ ఒకేసారి పీకితే ఏది ఏం మిగిల్చిందో తెలియదు. మామూలు అన్‌ఇన్‌స్టాల్‌తో ఇవి పూర్తిగా పోవు కూడా, అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసినా గోడకి మేకులు మిగిలినట్టు డ్రైవర్లు మిగిలిపోతాయి. అందుకే పేరున్న కంపెనీలన్నీ తమ ప్రోగ్రాంని పూర్తిగా తుడిచే 'రిమూవల్ టూల్' విడిగా ఇస్తాయి. దాన్ని ఆ కంపెనీ సొంత సైటు నుంచే, అదీ తీసెయ్యడానికి ముందే దింపుకోవాలి. గూగుల్‌లో వెతికి కనిపించిన మొదటి లింకు నొక్కొద్దు. దొంగలు అక్కడే కాచుకుంటారు.

రెండూ పోయాయి. వీపీఎన్ కూడా తీశాం. నెట్ పోయింది!

మా చెల్లెలి మొహం చూడాలి. చాలా వీపీఎన్‌లలో 'కిల్ స్విచ్' అని ఉంటుంది, వీపీఎన్ లేకపోతే నెట్టే వద్దని కట్టేస్తుంది. మనిషి పోయినా వాడు కట్టిన తాడు మిగిలిపోయినట్టుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ విభాగంలోకి పోయి 'నెట్‌వర్క్ రీసెట్' కొట్టి, మళ్లీ స్టార్ట్ చేసి, కాగితం మీద రాసిన వైఫై పాస్‌వర్డ్ కొడితే వచ్చింది. విండోస్ ఫైర్‌వాల్‌లో కూడా 'రీస్టోర్ డిఫాల్ట్స్' నొక్కాం. ఇంటి వైఫైని 'పబ్లిక్' అని కాక 'ప్రైవేట్' అని మార్చేసరికి నెలల తరబడి కనబడని ప్రింటరు కూడా కనబడింది. డిఫెండర్ దానంతట అదే లేచి పచ్చ టిక్కు పెట్టుకుంది. టోకెన్ గుచ్చి చూస్తే సంతకం పడింది.

డబ్బు పెట్టి కొన్న యాంటీవైరసే కావాలంటే వాడుకోండి, తప్పు లేదు. ఒక్కటే ఉండాలి. వైఫై రౌటర్‌లో ఉన్న ఫైర్‌వాల్‌తో మాత్రం గొడవ లేదు, అది కాంపౌండు గేటు, కంప్యూటరులోది ఇంటి తలుపు. అనుమానం వస్తే ఇంకో డాక్టరుకి చూపించినట్టు, అడిగినప్పుడు మాత్రమే వెతికి వెళ్లిపోయే స్కానర్లున్నాయి. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ అలాంటిదే, దింపుకున్న పది రోజులకి దాని గడువు తీరిపోతుంది. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం కూడా ఉచితంగా శుభ్రం చేసే పనిముట్లు ఇస్తోంది. ఒక్క మాట, మీది ఇంకా విండోస్ 10 అయితే దాని మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పైన ఎన్ని యాంటీవైరస్‌లు వేసినా కింద గోడకి పడ్డ కన్నం పూడదు.

ఇక ఆ సైరన్ మోత. అది వైరస్ కాదు, ఒట్టి వెబ్ పేజీ. కాపలా సరిగ్గా ఉన్న కంప్యూటరులోనూ రావచ్చు. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు, ఇదొక్కటి గుర్తుంచుకుంటే చాలు. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని మూసేస్తే పోతుంది. ఆ నంబరుకి చేస్తే అవతలివాడు మన కంప్యూటరుని దూరం నుంచి చేతిలోకి తీసుకుని, లేని రోగానికి మందు అమ్ముతాడు, లేదా బ్యాంకు ఖాతా ఊడ్చేస్తాడు. ఇలాంటి కాల్ సెంటర్లు మన దేశం నుంచే నడుస్తున్నాయని మైక్రోసాఫ్ట్, అమెజాన్ చేసిన ఫిర్యాదుల మీద సీబీఐ కేసులు కట్టింది, 2023 అక్టోబరులో 'ఆపరేషన్ చక్ర-2' పేరుతో 76 చోట్ల సోదాలు చేసింది. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. గంట ఆలస్యమైతే డబ్బు ఇంకో నాలుగు ఖాతాలు దాటుతుంది.

అన్నీ అయ్యాయనుకుని బస్సెక్కాను. వారం తర్వాత మా మరిది ఫోను. "వదినా, తీసేశామన్న యాంటీవైరస్‌కి రేపు నా కార్డు నుంచి డబ్బు పోతుందని మెసేజ్ వచ్చింది!" ప్రోగ్రాం తీసినంత మాత్రాన చందా ఆగదు, ఆటో రెన్యువల్‌ని విడిగా రద్దు చెయ్యాలి. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇలాంటి కోత పెట్టే 24 గంటల ముందు కబురు పంపాలి కాబట్టి తెలిసింది. ఆ మెసేజ్‌లోనే ఉన్న లింకు నొక్కబోతుంటే మా చెల్లెలు ఆపిందట. బ్యాంకు యాప్ తెరిపించి, అందులోంచి రద్దు చేయించింది.